కడలియొడ్డున వెలసిన చదువులకొండ

మా జువ్వలదిన్నె నెల్లూరుమండలమున కావలికి సమీపమున కడలియంచున నున్న గ్రామము. తెల్లవారకమునుపే పడవలు లోనికి బోవును. ప్రొద్దెక్కిన పిదప చేపలతట్టలు ఊళ్లమీదికి బయలుదేరును. సంపాదన మగవారి వలలో బుట్టినను, దానిని బియ్యముగను, పప్పుగను, బిడ్డల పుస్తకములుగను మార్చునది ఆడువారి నెత్తిమీది తట్టయే. ఈ నడుమ మా యూర చేపలరేవు గూడ వెలసినది. మా వారు ఉపాధ్యాయులు. మేము చిన్ననాట తండ్రిగారి యొద్ద ఇంటనే భారతభాగవతములును, కొన్ని ప్రబంధములును జదువుకొన్నవారమే కాని, కళాశాల గడప త్రొక్కినవారము కాము. అట్టి మేము ఒక విశ్వవిద్యాలయమును గూర్చి వ్రాయబూనుట సాహసమే. ఈ సాహసమునకు మమ్ము బురికొల్పినది ఒక తల్లి యడిగిన ప్రశ్న.

వేసవిలో నొకనాటి మధ్యాహ్నము చేపలమ్ముకొని వట్టితట్టతో మరలుచున్న యొక జాలరియిల్లాలు మా యరుగుమీద గూర్చుండి మంచినీళ్లడిగినది. ఆమె కుమార్తె మా వారి శిష్యురాలు. ఇంటర్మీడియెటు మంచి మార్కులతో ముగించినది. ఊరనుండియే డిగ్రీ చదివి, పిమ్మట వాల్తేరునకు బోయి సముద్రశాస్త్రమును జదువవలెనని ఆ పిల్ల పట్టుదల. ఇంతలో దగ్గరి సంబంధ మొకటి వచ్చినది. తల్లి నీళ్లు త్రాగి, చెంబు ప్రక్కన బెట్టి, మెల్లగా నడిగినది.

"అమ్మగారూ, తాతల కాలం నుంచీ మేం సముద్రం మీదే గదా బతికేది. మా నాయన గాలి మళ్లేది చూసి వాన చెప్పేవాడు. ఆ సముద్రం సంగతి చదవడానికి ఆడబిడ్డని అంత దూరం పంపమంటుంది. మాకు తెలీంది అక్కడోళ్లు ఏం చెప్తారమ్మా?"

ఈ ప్రశ్న పరిహాసమునకు అడిగినది కాదు. గాలి చూచి వాన చెప్పగలిగిన ఆ తండ్రియే 1989వ సంవత్సరపు గాలివాన దినములలో వేటకు బోయి మరలి రాలేదు. నాటి కామె తల్లిచాటు పసిబిడ్డ. మేమామెకు వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. తెలిసినవారిని అడిగితిమి, మా వారు తెచ్చియిచ్చిన పుస్తకములను జదివితిమి, సెలవులలో బిట్రగుంటలో రైలెక్కి వాల్తేరునకు బోయి, ఆంధ్రవిశ్వకళాపరిషత్తును గన్నులార జూచి వచ్చితిమి. మాకు దొరికిన సమాధానమునే యిచట వ్రాయుచున్నాము.

విద్యాపీఠము పుట్టిన తెరగు

మన తెలుగుజిల్లాలు చెన్నరాజధానిలో నున్న కాలమున పెద్దచదువులకు మదరాసు విశ్వవిద్యాలయమే దిక్కు. తెలుగువారికి ప్రత్యేకముగ నొక విద్యాపీఠము కావలెనను కోరిక ఫలించి, 1926 ఏప్రిలు 26వ తేదిని ఆంధ్రవిశ్వకళాపరిషత్తు స్థాపితమైనది. తొలుత దాని కార్యస్థానము బెజవాడ. 1930లో విశాఖపట్టణమునకు జేరినది. సముద్రమునకెదురుగా వాల్తేరు మెట్టలమీద క్రమముగా భవనములు లేచినవి. జయపురపు విక్రమదేవవర్మ మహారాజుగారి భూరివిరాళములతో విజ్ఞానశాస్త్రముల కళాశాల వర్ధిల్లినది. అందుచేతనే దానికి జయపురపు పేరు పెట్టిరి.

మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. మన యిండ్లలో వారిని "ముసలమ్మ మరణము" వ్రాసిన కవిగా నెరుగుదురు. అనంతపురముకడ బుక్కరాయసముద్రపు చెరువుకట్ట తెగనుండగా, ఊరిని గాచుటకు తన ప్రాణమును నీటికర్పించిన కోడలి కథ యది. విద్యార్థిదశలోనే వారా కావ్యమును వ్రాసిరి. నీటి యాగ్రహమునకు ఒక ఆడుదాని ప్రాణము నొడ్డవలసివచ్చిన కథకు కంటనీరు పెట్టించిన కవియే, పిమ్మట నీటిస్వభావమును, గాలిస్వభావమును పరిశోధించు విద్యాలయమునకు పునాదులు వేయువాడగుట మాకు మిక్కిలి యోగ్యముగ దోచినది.

1930లో ఉప్పుసత్యాగ్రహము సాగుచుండగా ప్రభుత్వము జరిపిన దౌర్జన్యమునకు నిరసనగా రెడ్డిగారు పదవిని వదలుకొనిరి. 1931 మొదలు 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణగారు ఉపాధ్యక్షులుగా నుండి, దేశమందలి యువపండితులను వెదకి తెచ్చి వివిధశాఖలకు జేర్చిరి. ఆ రాధాకృష్ణగారే 1962లో భారతరాష్ట్రపతియైరి. 1936లో మరల రెడ్డిగారే పదవిని స్వీకరించి 1949 వరకు నడపిరి. ఈ నడుమ 1942 ఏప్రిలు 6వ తేదిని జపానువారి విమానములు విశాఖపై బాంబులు వేసినవి. అంతట పరిషత్తు గుంటూరునకు తరలిపోయి, యుద్ధము ముగిసిన పిమ్మట మరల వాల్తేరు జేరినది. గాలివానకు చెదరిన గూటిని పక్షులు మరల గట్టుకొన్నట్లు ఆ చదువులగూడు మరల గట్టుకొనబడినది.

ఆడుపిల్లకు చోటు దొరకిన విధము

మన కన్నిటికన్న ముందు గలుగు సందేహము చదువును గూర్చినది కాదు; "పిల్ల ఎక్కడ నుండును? ఎవరితో నుండును? ఏమి తినును?" అనునది. ఇది చిన్న సందేహమని నవ్వువారు ఆడుపిల్లను దూరము పంపి యెరుగనివారు. ఈ సందేహమునకు సమాధానము చెప్పిన మహనీయురాలు దుర్గాబాయమ్మగారు.

1909లో రాజమహేంద్రవరమున బుట్టిన యామె, 1930 ఉప్పుసత్యాగ్రహమున జైలున కేగి, విడుదలయైన పిమ్మట పరీక్షలకు చదివి, రాజకీయశాస్త్రమును జదువుటకు వాల్తేరునకు వచ్చిరి. స్త్రీలకు వసతిగృహము లేదను కారణమున ఆమె ప్రవేశమునకు అడ్డంకి గలిగినది. ఆమె కన్నీరు పెట్టుకొని ఇంటికి మరలలేదు. పత్రికలలో ప్రకటన చేయించి, తనవలె చదువుకొనగోరు స్త్రీలను గూర్చుకొని, వసతిని తామే యేర్పరచుకొనిరి. గది లేదన్నవారికి గదిని జూపిన పిమ్మట ఇక కాదనుటకు కారణము లేకపోయినది. 1937లో ఆంధ్రమహిళాసభను స్థాపించినదియు, పిమ్మట భారతరాజ్యాంగసభలో గూర్చుండినదియు ఈమెయే.

నేడు ఆ ప్రాంగణమున ఆడుపిల్లలు లేని శాఖ లేదు. స్త్రీలకే ప్రత్యేకమైన ఇంజనీరింగు కళాశాల గూడ నున్నది. మేము పోయిననాడు చెట్లనీడను గూర్చుండి కొందరు పిల్లలు మధ్యాహ్నభోజనము చేయుచుండిరి. ఒకతె శ్రీకాకుళము, ఒకతె మన్యము, ఒకతె గోదావరిలంక. ఒకరి డబ్బాలోని ఆవకాయ మరియొకరి అన్నములోనికి బోవుచుండెను. మమ్ము జూచి, "ఏ ఊరండీ?" అని యడిగి, కూర్చుండుటకు చోటిచ్చిరి. "వంట నచ్చునా?" అని మేమడుగగా, "నచ్చదండీ, అందుకే యింటినుంచి వచ్చిన పచ్చడికి మా గదిలో అంత గౌరవము" అని యొక పిల్ల నవ్వినది. జ్వరము వచ్చిననాడు ఎవరు చూచెదరని యడిగితిమి. వారొకరినొకరు చూచుకొనిరి; ఇదియు నొక ప్రశ్నయా యన్నట్లు, "పక్క మంచము పిల్ల" అనిరి. విశ్వవిద్యాలయమనగా గంభీరమైన గడియారపుమేడ యనుకొనియున్న మాకు, అది పదిజిల్లాల బిడ్డలు ఒక పంక్తిని గూర్చుండు ఇల్లు గూడ నని యప్పుడు తెలిసినది.

గోగుపూవులోని రంగు

పరిశోధన యను మాట పెద్దది. ఎరుగనివారు దానిని జూచి భయపడుదురు. మేమును భయపడితిమి. కాని యొక యుదాహరణముతో ఆ భయము పోయినది.

మనము గోంగూరను కోసి పచ్చడి చేసికొందుము. ఆకు కోయునప్పుడు పూవును జూచి ప్రక్కకు ద్రోసెదము. ఆ పూవునకు ఆ రంగెట్లు వచ్చెనని యడిగినవారు మనలో నెందరు? 1933 ప్రాంతమున వాల్తేరునకు వచ్చి రసాయనశాస్త్రశాఖను నడపిన టి. ఆర్. శేషాద్రిగారు ఆ ప్రశ్న నడిగిరి. పత్తిపూవులు, గోగుపూవులు మొదలైనవానినుండి వర్ణద్రవ్యములను విడదీసి, ఒక్కొక్కదానియందలి అణువుల కూర్పెట్టిదో తమ శిష్యులతో గూడ నిర్ణయించిరి. యుద్ధకాలమున ప్రయోగశాలకు స్థానభ్రంశము కలిగినను ఆ పని మానలేదు. ఆకులు, పూవులు, బెరడులయందలి యిట్టి ద్రవ్యములను గూర్చి ప్రపంచమునకు నేడున్న జ్ఞానములో వారి పాలు పెద్దది. 1960లో లండనులోని రాయల్ సొసైటీ వారిని తన సభ్యునిగా నెన్నుకొన్నది. మన పెరటిలోని పూవు అంతదూరము ప్రయాణము చేసినదన్నమాట.

భౌతికశాస్త్రమున సూరి భగవంతముగారు సి. వి. రామనుగారి శిష్యులు. కాంతి పదార్థమునందు బడి చెదరునప్పుడు గలుగు మార్పులను గూర్చి గురువుగారు కనుగొన్నదానిని వీరు ముందుకు గొనిపోయిరి. పిమ్మట బెంగుళూరులోని విజ్ఞానసంస్థకు అధిపతియై, దేశరక్షణశాఖకు శాస్త్రసలహాదారుగా గూడ నుండిరి.

గణితశాస్త్రమున నచట పట్టమందిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారిని జెప్పక విడువరాదు. 1920లో జన్మించిన వీరు తలిదండ్రులకు ఎనిమిదవ సంతానము. అష్టమగర్భమున బుట్టిన కృష్ణుని పేరే యందుచేత పెట్టిరి. వాల్తేరునుండి కలకత్తా కేగి గణాంకశాస్త్రమున జగత్ప్రసిద్ధులైరి. కొద్ది లెక్కలనుండి పెద్దసంగతిని ఎంత నమ్మకముగ నూహింపవచ్చునో తెలుపు వారి సూత్రములు నేడు వైద్యమునందును, వ్యవసాయమునందును, వాతావరణమునందును వాడుకలో నున్నవి. 2023లో అంతర్జాతీయ గణాంకపురస్కారము నందుకొని, ఆ సంవత్సరమే నూట రెండేండ్ల ప్రాయమున దివంగతులైరి. తమ గ్రంథమొకదానిని వారు తల్లియైన లక్ష్మీకాంతమ్మగారి కంకితమిచ్చిరి. ఎందులకనగా, చిన్ననాట ప్రతిదినము తెల్లవారుజామున నాలుగుగంటలకు ఆమె లేపి, నూనెదీపము వెలిగించి, తమ్ము చదువునకు గూర్చుండబెట్టినందులకు. ఆ తల్లికి గణితము రావలసిన పని లేకపోయినది. దీపమునకు చమురు పోయుట వచ్చిన చాలినది.

కడలి కడుపులోని చదువు

ఇక ఆ జాలరితల్లి ప్రశ్నకు వత్తము.

వాల్తేరు మేడలనుండి చూచినచో ఎదుట నంతయు సముద్రమే. దానిని జూచుచు గూర్చుండుటగాక, దాని లోపలి సంగతులను విచారింపవలెనని పరిషత్తువారు పూనుకొనిరి. 1952లో అమెరికానుండి యూజీన్ లాఫాండను సముద్రశాస్త్రజ్ఞుడు ఆచార్యుడుగా వచ్చి, ఇచటి అధ్యాపకులతోడను విద్యార్థులతోడను గలిసి బంగాళాఖాతమును కొలువ నారంభించెను. ఆయన సహధర్మచారిణి కాథరీనమ్మగారును ఆ విద్యయందు ఆరితేరినవారే. మన సముద్రపు ప్రవాహములను గూర్చి భర్తతో గలిసి ఆమె వ్రాసిన వ్యాసములున్నవి.

వారు చేసిన పని యెట్టిదో చెప్పెదము. ఒక లోహపుగొట్టమును తాడుకట్టి ఓడనుండి నీటిలోనికి దింపుదురు. దానియందు పూతపూసిన చిన్న గాజుపలక యుండును. గొట్టము దిగినకొలది ఏ లోతున ఎంత వేడిమి యున్నదో ఒక సూది ఆ పలకపై గీతగా గీయును. పైకి తీసి చూచినచో కడలి తన నాడిని తానే వ్రాసియిచ్చినట్లుండును. ఇట్లు నెలలతరబడి గీతలు గీయించి, నీటి యుప్పదనమును గొలిచి, ప్రవాహముల దిక్కును గుర్తించి, కొన్ని సంగతులు నిర్ణయించిరి.

అందొకటి మనకు సులువుగ బోధపడునది. వసంతకాలమున తీరమువెంట గాలి ఉత్తరముగా వీచునప్పుడు, భూమి తిరుగుడువలన పైనీరు ఒడ్డునుండి దూరముగ ద్రోయబడును. ఖాళీయైన ఆ తావునకు అడుగుననున్న చల్లనినీరు పైకి ఉబికివచ్చును. పులుసును గరిటెతో గలియబెట్టినపుడు అడుగున దిగిన ముక్కలు పైకి వచ్చినట్లు, కడలి యడుగున బేరుకొన్న సారము ఆ నీటితో పైకి వచ్చును. ఎండ తగిలి కంటికానని చిన్నచిన్న నాచుమొక్కలు దానిపై బలియును. వానిని దిను పురుగులు, పురుగులను దిను చేపలు క్రమముగా జేరును. శరత్కాలమున దీనికి విపర్యయముగా తీరపునీరు క్రిందికి దిగును. ప్రవాహముగూడ వేసవికి ముందు ఉత్తరదిశగను, కార్తీకమాసమునాటికి దక్షిణదిశగను బోవును. ఏ నెలలో చేప ఎటు తిరుగునో మా యూరి జాలరులెరుగుదురు; ఎందులకు తిరుగునో వాల్తేరుగొట్టము చెప్పినది.

సముద్రపుటడుగున మెట్టలు, లోయలు నున్నవని మనము పురాణవర్ణనగా వినియుందుము. విశాఖతీరమున కెదురుగా నీటిక్రింద నిజముగనే లోతైన లోయలున్నవి. 1964లో లాఫాండుగారు ప్రకటించిన వ్యాసమున వానికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అను పేర్లున్నవి. మహాదేవనుగారు పరిషత్తునందలి భూశాస్త్రశాఖకు అధిపతులు. విశాఖ యిసుకలో గనబడు నల్లనిచారలు తూర్పుకనుమల రాళ్లు అరిగి వచ్చిన బరువైన ఖనిజములని, వానిలో విలువగల మోనజైటును గలదని వారు విచారించిరి. జంతుశాస్త్రశాఖవారు ఇసుకరేణువుల నడుమ బ్రతుకు సూక్ష్మజీవులను, రేవులోని కొయ్యను దొలుచు జీవులను పరిశీలించిరి. కొయ్యను దొలుచు జీవులనగానే మా యూరివారు చెవులు నిక్కించుకొందురు. వేట ముగిసిన వెంటనే తెప్పలను నీటనుంచక ఒడ్డునకు లాగి యెండబెట్టుట పెద్దలనాటి యాచారము. ఉప్పునీటి కొయ్యపురుగు ఎండలో బ్రతుకజాలదు గావున ఆ యాచారమున శాస్త్రమున్నది.

ఇంతవరకు విన్నచో, మా తాతలకు తెలిసినదానికే శాస్త్రజ్ఞులు కారణము చెప్పిరిగాని క్రొత్తగా చెప్పినదేమి యని ఆ తల్లి యడుగవచ్చును. అందుకు సమాధానము గాలివాన.

ఒడ్డునుండి కనబడనిది

సముద్రపు పైనీరు సుమారు 26, 27 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి వెచ్చబడియున్నపుడు దానినుండి ఆవిరి విస్తారముగా లేచును. ఆ యావిరి పైన చల్లబడి మేఘమగునపుడు తనలోని వేడిమిని విడుచును. ఆ వేడిమివలన గాలి మరింత పైకి పోవును. క్రింద ఒత్తిడి తగ్గును. నలుదెసలనుండి గాలి ఆ తావునకు బరుగెత్తును. భూభ్రమణముచేత అది సుడి తిరుగును. పొయ్యిలో మంట తానే గాలిని లాగుకొని మరింత మండినట్లు, గాలివాన వెచ్చనినీటిని దినుచు బలియును. ఒడ్డునకు వచ్చునపుడు గాలి త్రోసిన నీరు మెరకలేని తీరముపై ఉప్పెనయై పొంగును. 1977 నవంబరులో దివిసీమను ముంచినది ఆ యుప్పెనయే. గాలిచేత పోయిన ప్రాణములకన్న నీటిచేత పోయినవే ఎక్కువ.

1989 నవంబరులో మా కావలిప్రాంతమును దాకిన గాలివాన ఎక్కడ పుట్టినదో తెలియునా? బంగాళాఖాతమున గాదు. దానికి ఆవల, థాయిలాండు సింధుశాఖలో. అచట చమురుకై కడలియడుగును దొలుచు నొక పెద్ద నౌకను ముంచి, సన్నని భూభాగమును దాటి, అండమానుసముద్రమున బ్రవేశించి, బంగాళాఖాతమంతయు అడ్డముగా నడచి, కొన్నిదినములకు మన యొడ్డున బడినది. దాని రాకను ఒడ్డున నిలిచి చూచువాడెట్లెరుగును? మా యూరి పెద్దల చూపు దీర్ఘమైనదే; ఆకాశపుటంచువరకు బోవును. ఆ గాలివాన ఆకాశపుటంచునకు ఆవల బుట్టినది.

ఆ యావలిదానిని జూచుటకే కొలతలు, లెక్కలు, ఉపగ్రహములు, చదువులు. వాల్తేరులో వాతావరణమును, సముద్రమును ఒక్కశాఖయందు జేర్చి బోధించినది ఇందులకే. గాలిసంగతి నీటికి దెలియక, నీటిసంగతి గాలికి దెలియక గాలివాన బోధపడదు. 2004 డిసెంబరు 26వ తేదిని సునామి వచ్చినపుడు మన తీరమునకు ముందుగా దెలుపు ఏర్పాటు లేకుండెను. 1999లో హైదరాబాదున నెలకొన్న జాతీయ సముద్రసమాచారకేంద్రమున 2007లో ఆ హెచ్చరికల యేర్పాటు ప్రారంభమైనది. చేపలు చేరు తావులనుగూడ ఆ కేంద్రము జాలరులకు దెలుపుచున్నది. ఎట్లనగా, ఆకాశమునుండి నీటివేడిమిని, నాచురంగును జూచి. పైకి ఉబికిన చల్లనినీటి వెంట చేప యుండునను ఆ పాత పాఠమే యిది. నాడు గొట్టము దింపి చూచినదానిని నేడు నింగినుండి చూచుచున్నారు.

మాకు గలిగిన కొరత

ఇన్ని చూచి సంతసించిన మాకు ఒక్క కొరత మిగిలినది. మన సముద్రమును గూర్చి వాల్తేరున వ్రాసిన పుస్తకములన్నియు నించుమించు ఆంగ్లమునందే యున్నవి. కడలి మనది, కొలిచినవారిలో పెక్కండ్రు మనవారు. చదువవలసిన మన జాలరితల్లికి మాత్రము అక్షరమైన నందదు. శాస్త్రమునకు తెలుగు చాలదందురా? ఆటు, పోటు, సుడి, కెరటము, తరగ, నురుగు, మొగ, పాయ అని నీటికి మనకున్న మాటలు తక్కువవా? జాలరులు గాలులకు, చేపలకు పెట్టుకొన్న పేర్లు నిఘంటువులలో కెక్కనివి ఇంకెన్నియో కలవు. ఆ మాటలు ఎరిగిన పిల్ల ఆ శాస్త్రమును జదివినపుడుగాని ఈ రెంటికి వంతెన పడదు. నగరమున బుట్టిన విద్వాంసుడు ఎంతవాడైనను ఆ వంతెనకు ఒక కొననే కట్టగలడు.

మేము మరలి వచ్చిన తరువాత ఆ తల్లిని బిలిచి, ఎరిగినంతవరకు చెప్పితిమి. గోగుపూవును గూర్చి విని నవ్వినది. తెప్పలను ఎండబెట్టు సంగతి విని, "అది మాకు తెలుసులే" యన్నది. గాలివాన పుట్టినచోటు చెప్పగా మాత్రము చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "మా నాయనకి ఆ దేశం పేరు గూడా తెలవదమ్మా" యన్నది. ఆమె కంటనీరు పెట్టలేదు. కొంగుతో తట్టయంచును తుడుచుచు గూర్చుండినది.

దూరము పంపుటకు వెరచువారి కొరకు ఒక మాట చెప్పవలెను. 2008లో నెల్లూరున విక్రమసింహపురి విశ్వవిద్యాలయము స్థాపితమైనది. సముద్రజీవశాస్త్రమును అచటను బోధింతురు. వాల్తేరే కావలెనను నియమము లేదు. ఈ సంగతియు ఆమెకు చెప్పితిమి. "ముందు డిగ్రీ కానీండి, తర్వాత ఏడకి పోవాల్నో అదే చెప్తుంది" అన్నది. వచ్చిన సంబంధమువారికి మూడేండ్లు ఆగుడని కబురు పంపినదట. వారాగుదురో లేదో మేమెరుగము. ఆమెయు నెరుగదు. ఆగనివారితో బిడ్డకు పనిలేదని మాత్రము ఆమె యన్నది.

అరుగు దిగుచు కుమార్తె కొక షరతు పెట్టినట్లు చెప్పినది. "అక్కడ ఏం నేర్చినా సరే, వచ్చి నాకు తెలిసే మాటల్లో చెప్పాల. చెప్పలేకపోతే అది చదువు గాదని చెప్పినానమ్మా." ఎనుబదిసంవత్సరముల పండితుడు విశ్వవిద్యాలయమునకు బెట్టవలసిన పరీక్ష ఇంతకన్న వేరుగ నుండదని మాకు దోచినది.

సోదరీమణులారా! మనలో పెక్కండ్రము ప్రయోగశాల గడప త్రొక్కలేదు, ఇక త్రొక్కబోము. అందుచేత ఆ మేడలకు మనము పరాయివారము కాము. లక్ష్మీకాంతమ్మగారు చమురు పోసిరి. దుర్గాబాయమ్మగారు గది వెదకిరి. మా యూరి తల్లి మూడేండ్లు గడువిచ్చినది. మన యింటనున్న పిల్ల యేదేని ప్రశ్న నడిగినపుడు, "నీకెందుకే" యనక, "తెలిసికొని వచ్చి మాకును చెప్పు" అనుటకు మనకు డబ్బు వ్యయము లేదు. రేపు తెల్లవారుజామున ఒక్క గంట ఆమెను పొయ్యిపనికి బిలువకుండుడు. ఆ గంట ఆమెది.